మా అత్తమ్మ కప్ప చిక్కిపోయింది

కొల్లాపూర్ నుంచి మామిడికాయల పెట్టె వచ్చిన పూట మా ఆయన ఇంట్లో లేడు. అది ఆ కప్ప చేసుకున్న అదృష్టం. ఆయనే ఉండి ఉంటే పెట్టెను కాయలతో సహా వీధిలోకి తోసి తలుపు గడియ పెట్టుకునేవాడు.

నేను, మా అత్తమ్మ ముందు గదిలో చాప వేసుకుని వరిగడ్డి తీస్తూ కాయలు ఏరుతున్నాం. గట్టివి ఒక పక్కకు, మెత్తబడినవి ఒక పక్కకు. పెట్టె అడుగున ఎండిన మామిడాకు ఒకటి కనిపిస్తే తీసి పారేద్దామని పట్టుకున్నాను. ఆ ఆకు మెల్లగా కాళ్లు చాపి నా మణికట్టు మీదికెక్కి కూర్చుంది. నేను అరవలేదు. అరిచానని, వీధి చివరి దాకా వినిపించిందని అత్తమ్మ ఇప్పటికీ చుట్టాలకు చెబుతుంది. అది నిజం కాదు. పక్కింటి దాకా మాత్రమే వినిపించింది.

"కదలకు పిల్లా," అంది అత్తమ్మ. "చెట్టుకప్ప అది. ఏం జెయ్యదు. నీ చెయ్యి సల్లగ ఉందని కూసుంది."

మట్టిరంగు ఒళ్లు, తొడల వెనక పసుపు చుక్కలు, వేళ్ల చివర చొక్కా గుండీల్లాంటి గుండ్రటి బిళ్లలు. మొహంలో సగం కళ్లే. అత్తమ్మ చేయి చాపింది. కప్ప నా మణికట్టు వదిలి ఆమె అరచేతిలోకి దూకింది. ఆ ఒక్క గెంతుతో అది ఎవరిదో తేలిపోయింది.

మాది వనపర్తి. నేను ఇంట్లోనే ముందు గదిలో మిషన్ పెట్టుకుని జాకెట్లు కుడతాను. మా ఆయన హైస్కూల్లో లెక్కల సారు. అత్తమ్మది వడ్డేపల్లి దగ్గర ఊరు. మోకాళ్లు అరిగాక పొలం కౌలుకిచ్చి మా దగ్గరికి వచ్చింది. జీవితమంతా ఎడ్లను అదిలిస్తూ, పక్క పొలం వాళ్లతో గట్టు తగాదాలు పడుతూ గడిపిన మనిషి. మా వీధిలో ఆమెకు పోట్లాడటానికి ఎవరూ దొరకలేదు. అందరూ "బాగున్నవా పెద్దమ్మా" అని నవ్వి వెళ్లిపోయేవాళ్లే. పైగా షుగరు, బీపీ ఉన్నాయని మా ఆయన ఆమెకు నూనెలో వేయించినవి బంద్ చేశాడు. చక్కెర బంద్ చేశాడు. మామిడికాయ తొక్కు పచ్చడి కూడా వేలితో అద్దుకుని నాలుకకు రాసుకోవడమే. ఇన్ని బందుల మధ్య ఆమె చేతిలోకి ఒక కప్ప వచ్చింది.

దాన్ని బాత్రూంలో పెట్టాం. పెట్టాం అనకూడదు. అత్తమ్మ తీసుకుపోయి కిటికీ గట్టు మీద వదిలితే, నచ్చిన చోటు అదే చూసుకుంది. పగలంతా షాంపూ సీసా వెనక కాళ్లు ముడుచుకుని పడుకునేది. పొద్దుగూకి దీపం వేయగానే గోడెక్కి బల్బు దగ్గరికి వచ్చే పురుగులను పట్టుకునేది. మా ఆయనకు చెబుదామంటే అత్తమ్మ వద్దంది.

"మగోనికి అన్నీ చెప్పొద్దు పిల్లా. ఎదురువడ్డప్పుడు జూసుకుంటడు."

ఎదురుపడింది. తల నిండా సబ్బు నురగతో కళ్లు మూసుకుని చెంబు కోసం తడుముకుంటుంటే చేతికి మెత్తగా, చల్లగా ఏదో తగిలిందట. పదో తరగతి పిల్లలను కంటిచూపుతో కూర్చోబెట్టే మనిషి నడుముకు తువ్వాలు చుట్టుకుని ముందు గదిలోకి వచ్చి నిలబడ్డాడు. అక్కడ జాకెట్ కొలతలివ్వడానికి వచ్చిన ఆడవాళ్లున్నారు. వాళ్లు తలలు దించుకున్నారు కానీ వెళ్లిపోలేదు.

"లోపట ఏదో ఉంది," అన్నాడు.

"ఏదో గాదు, కప్ప," అంది అత్తమ్మ. "దాన్ని బెదరగొట్టినవా ఏంది?"

ఆ పూట స్కూలుకు ఆలస్యమయ్యేంత వాదన జరిగింది. చివరికి కప్ప ఇంట్లో ఉండొచ్చు గానీ తిరగకూడదని తీర్మానమైంది. మా చెల్లెలి ఇంట్లో చేపలు చచ్చిపోయాక మూలన పడి ఉన్న గాజుపెట్టె తెచ్చాం. లోపల తడి ఇసుక, ఒక వేపకొమ్మ, మూతలో నీళ్లు పెట్టి పైన దోమతెర గుడ్డ బిగించాం. మా ఆయన గడప అవతల నిలబడి ముడి గట్టిగా ఉందా అని అడిగాడు. ఉందన్నాక మళ్లీ అడిగాడు. అత్తమ్మ ఆ పెట్టెను తన మంచం పక్కన స్టూలు మీద పెట్టుకుని, కప్పను పిలగాడా అని పిలవడం మొదలుపెట్టింది.

పిలగాడు ఆ పెట్టెలోకి పోయాకే చిక్కడం మొదలైంది.

మనిషిని ఒకసారి చూస్తే ఎక్కడ వదులు పెట్టాలో, ఎక్కడ బిగించాలో చెప్పగలదాన్ని. అయినా నాకు వెంటనే తెలియలేదు. ఒకరోజు పెట్టె తుడుస్తూ చూస్తే తుంటి ఎముకలు రెండూ వీపు మీద మొటికల్లా పొడుచుకొచ్చి ఉన్నాయి. చర్మం వదులైపోయింది. జాకెట్ అయితే రెండు పక్కలా లోపలికి కుట్టు వేసి సరిచేసేదాన్ని. ఒంటి రంగు కూడా నల్లబడింది. దూకమని వేలు పెట్టినా కనురెప్ప దించి ఊరుకుంది.

"ఇది తింటలేదు అత్తమ్మా," అన్నాను.

"నాకెర్కే. పెట్టింది పెట్టినట్లే ఉంటుంది."

"ఏం పెడుతున్నవు?"

అప్పుడు బయటపడింది. పెరుగన్నం, ఉడకబెట్టిన గుడ్డు, కిటికీలో చచ్చిపడిన ఈగలు, చివరికి చిన్నగా తరిగిన మామిడిముక్క. "మామిడి తోటల పుట్టిన పానం గదా, తోట యాదికొస్తె తింటదేమోనని పెట్టిన," అంది.

ఫోన్లో వెతికాను. కదలని దాన్ని కప్ప తిండి కింద లెక్కపెట్టదని రాసి ఉంది. చదివి వినిపించాను. అత్తమ్మ చచ్చిన ఈగను వేలితో కదిలించి చూసింది.

"అయితే ఆడియ్యాలె," అంది.

మిషన్ దగ్గరి ఎర్ర దారం తెచ్చి కోడిమాంసం ముక్కను, పెసరగింజంత ముక్కను, దాని కొసకు కట్టాం. అత్తమ్మ మంచం మీద కూర్చుని దారం పట్టుకుని పెట్టెలోకి వదిలింది. ఆమె కుడిచేయి కొద్దిగా వణుకుతుంది. టీ తాగుతుంటే సాసర్లో ఒలుకుతుందని సిగ్గుపడుతుంది కూడా. ఆ వణుకుకు మాంసం ముక్క అచ్చం ఈగలా చిందులేసింది. పిలగాడి కళ్లు తిరిగాయి. తల వంచాడు. పిరుదులు సర్దుకున్నాడు. ఒక్క ఉదుటున వచ్చి ముక్కను దారంతో సహా నోట్లో వేసుకున్నాడు.

తర్వాత ఏం చేయాలో మేం ఆలోచించుకోలేదు. ఇటు అత్తమ్మ, అటు కప్ప, మధ్యలో దారం. "ఇడువు, ఇడువు," అని నేను అత్తమ్మకు చెబుతున్నాను. ఆమె కప్పకు చెబుతోంది. చివరికి కప్పే వదిలింది. ముక్కను ఉమ్మేసి, నోట్లో మిగిలిన పీచును రెండు చేతులతో తుడుచుకుని, మా ఇద్దరికీ వీపు చూపించి కూర్చుంది.

ఇక బతికున్న పురుగులే కావాలి. పెరట్లో మిడతలు దొరికాయి గానీ ఎండలు ముదిరేకొద్దీ అవీ తగ్గాయి. మా ఇంట్లో బొద్దింకలు లేవు. ఉన్నవాటిని ఉగాది ముందు మా ఆయన మందు కొట్టించి చంపించాడు. మందు తగిలిన బొద్దింకను కప్పకు పెట్టకూడదు కాబట్టి మందు కొట్టని ఇళ్లేవో తెలుసుకోవాలి. ఆ పని అత్తమ్మ తీసుకుంది.

నా దగ్గరికి జాకెట్ కోసం వచ్చిన ప్రతి మనిషినీ కూర్చోబెట్టి, మంచినీళ్లిచ్చి, వాళ్లు తాగేదాకా ఆగి అడిగేది. "మీ ఇంట్ల బొద్దింకలున్నయా బిడ్డా?"

ఈమధ్యే కొత్తిల్లు కట్టుకుని గృహప్రవేశం చేసిన ఒకామె గ్లాసు కింద పెట్టి లేచి నిలబడింది. "మా ఇంట్ల ఒక్కటి గూడ లేదు పెద్దమ్మా. టైల్స్ అన్నీ దినాం తుడుస్తం."

"ఒక్కటన్న లేదా?"

"లేదంటున్న గదా."

"అయ్యో," అంది అత్తమ్మ, నిజంగానే బాధపడుతూ. "ఇల్లు మంచిగ గట్టుకున్నరంటే ఉంటయేమో అనుకున్న."

ఆ కస్టమర్ పోయిందనే అనుకున్నాను. మర్నాడు ఆమే జాకెట్ గుడ్డల సంచిలో ఒక ఖాళీ మాత్రల డబ్బా పెట్టుకుని వచ్చింది. వీధి వైపు ఒకసారి చూసి డబ్బా నా చేతిలో పెట్టింది. లోపల ఏదో గీరుతోంది.

"మాయి గావు. పక్కింటోళ్లయి," అంది.

సాయంత్రానికి ఆ పక్కింటామె ఇంకో డబ్బాతో వచ్చి అదే మాట చెప్పింది. కొద్ది రోజుల్లోనే మా వీధిలోని పక్కింటివాళ్ల బొద్దింకలన్నీ మా ఇంటికి చేరాయి. సొంత బొద్దింకలు తెచ్చినవాళ్లు ఒక్కరూ లేరు. ఒకసారి మా ఆయన జీడిపప్పు అనుకుని వంటింట్లో ఒక డబ్బా మూత తీశాడు. ఆ తర్వాత జరిగింది ఇక్కడ రాయను. ఆయన ఇది చదువుతాడు.

ఇంత చేసినా పిలగాడు బాగుపడలేదు. తింటున్నాడు, కానీ తిన్నది ఎక్కడికి పోతోందో తెలియడం లేదు. ఎముకలు అలాగే కనబడుతున్నాయి. అసలు తగ్గుతున్నాడా, నిలకడగా ఉన్నాడా చూద్దామని వంటింటి కాటా మీద పెట్టాం. ముల్లు కదల్లేదు. మా కాటా లెక్కలో మా ఇంట్లో కప్పే లేదు.

"గద్వాల పోదాం," అంది అత్తమ్మ. "అవుసలాయన తూస్తడు."

గద్వాలలో ఆమెకు ఎప్పటి నుంచో తెలిసిన బంగారు దుకాణం ఉంది. వనపర్తిలో లేవా అంటే వినలేదు. ప్లాస్టిక్ డబ్బా మూతకు సూదితో బొక్కలు పొడిచి, తడిగుడ్డ పరిచి, పిలగాణ్ని అందులో కూర్చోబెట్టి బస్సెక్కాం. పెబ్బేరు దాటి కృష్ణ మీదికి రాగానే అత్తమ్మ డబ్బా కిటికీ దగ్గరికి ఎత్తి పట్టుకుంది. బీచుపల్లి ఆంజనేయస్వామి గుడి వైపు దండం పెట్టి, డబ్బాను కూడా అటువైపు కొద్దిగా వంచింది.

దుకాణంలో పెళ్లి బంగారం కొనడానికి వచ్చినవాళ్లు కూర్చుని ఉన్నారు. అవుసలాయన ఆమెను చూసి లేచాడు. "రా అక్కా. ఏం జెయ్యాలె, గొలుసా, కమ్మలా?"

అత్తమ్మ డబ్బా మూత తీసి చూపించింది. ఆయన డబ్బాలోకి చూశాడు, అత్తమ్మను చూశాడు, నా వైపు చూశాడు. నేను గోడ మీది క్యాలెండర్ చూశాను.

"కప్పనా అక్కా?"

"నా పుస్తెలు నువ్వే తూచినవు. నా కోడలి గాజులు నువ్వే తూచినవు. పిలగాన్ని ఇంకోని చేతుల ఎట్ల వెడ్త తమ్మీ?"

ఆయన గాజు అర లోపలి తరాజు పళ్లెంలో తడి దూది పరిచి, దాని బరువు తీసేసి, కప్పను కూర్చోబెట్టాడు. బక్కచిక్కి కదలకుండా కూర్చున్న కప్ప దుకాణం దీపాల వెలుగుకు మెరిసింది. పెళ్లికూతురి తల్లి అనుకుంటాను, కళ్లజోడు లేకుండా ముందుకు వంగింది.

"గా లాకెట్ జర ఇటు చూపియ్యున్రి," అంది.

లాకెట్ ఆమె వైపు తిరిగి కళ్లార్పింది. ఆమె లేచి బయటికి వెళ్లి, లోపలికి భర్తను పంపింది.

"తులం కన్న జర తక్కువే ఉంది అక్కా," అన్నాడు అవుసలాయన, బంగారం సంగతి చెప్పినంత గంభీరంగా. "దీని ఎత్తుకు గింత తక్కువుండొద్దనిపిస్తుంది."

అత్తమ్మ మొహం చిన్నబోయింది. అప్పటిదాకా ఈ కప్ప గొడవంతా నాకు ఒక తమాషా. ఆమె డబ్బా మూత పెడుతూ, "నా చేతులకొచ్చి సస్తదా ఏంది పిల్లా," అన్నప్పుడు నాకు నవ్వు రాలేదు.

వనపర్తిలో పశువుల డాక్టరు మేకల మధ్య నిలబడి మా మాట ఓపికగా విన్నాడు. కప్పను తానెప్పుడూ చూడలేదని, నాగర్‌కర్నూల్లో ఒక డాక్టరమ్మ కుందేళ్లు, లవ్ బర్డ్స్ లాంటివి చూస్తుందని, అడిగి చూడమని చెప్పాడు. ఆమెకు ఫోన్ చేస్తే కప్పతోపాటు దాని రెట్ట కూడా తెమ్మంది. కప్ప రెట్ట కోసం ఎదురుచూడటం ఎలా ఉంటుందో చెప్పినా నమ్మరు. ముందు గదిలో పెళ్లి జాకెట్ల కట్ట పక్కన పెట్టి ఇద్దరం పెట్టె ముందు కూర్చున్నాం. దొరికినదాన్ని అగ్గిపెట్టెలో భద్రం చేశాం. బస్సులో పక్కసీటాయన బీడీ తీసి అగ్గిపెట్టె ఉందా అమ్మా అని అడిగితే అత్తమ్మ చేతిసంచి గట్టిగా పట్టుకుని, "ఉంది గానీ నీకు పనికిరాదు," అంది.

డాక్టరమ్మ చిన్న వయసు మనిషి. కప్పకు వైద్యం చేయడం తనకూ కొత్తేనని మొదటే చెప్పేసింది. తనతో చదువుకున్న ఎవరికో ఫోన్ చేసి చాలాసేపు మాట్లాడింది. రెట్టను సూక్ష్మదర్శిని కింద చూసి మమ్మల్ని పిలిచింది.

"కడుపుల పురుగులున్నయమ్మా. తిన్నదంతా అవే తింటున్నయి."

గొర్రెలకు పోసే మందునే తీసుకుని, అందులో నీళ్లు కలిపి, కలిపినదాంట్లో మళ్లీ నీళ్లు కలిపి, చిన్న సిరంజిలో ఇచ్చింది. ఒక్క చుక్క, అంతకు మించొద్దంది. నల్లా నీళ్లు అలాగే పోయకుండా ఒకరోజు నిలవబెట్టి పోయమంది, తడిచేతులతోనే పట్టుకోమంది, పెట్టెను చల్లటిచోట పెట్టమంది. అన్నీ చెప్పాక, "ఇంత పెద్దగుందంటే ఇది ఆడదయి ఉంటది," అంది.

అత్తమ్మ కప్పను తేరిపార చూసింది. "మరి ముందే చెప్పొద్దా," అంది దానితో.

తిరుగు బస్సులో కండక్టర్ మా ఆధార్ కార్డులు చూసి ఆడవాళ్లకిచ్చే ఉచిత టికెట్లు కొట్టాడు. అత్తమ్మ డబ్బా ముందుకు జరిపింది.

"ఇది గూడ ఆడదే. దీనికి గూడ కొట్టు బిడ్డా. డాక్టరమ్మ చెప్పింది."

కండక్టర్ మూత బొక్కల్లోంచి లోపలికి చూశాడు. మొహంలో ఏ మార్పూ లేదు. "ఆధార్ తెచ్చుకోమను అమ్మా," అని ముందుకు పోయాడు.

ఆ రోజు నుంచి అది పిలగాడు కాదు, పిల్ల. నన్నూ పిల్లా అనే పిలుస్తుంది కాబట్టి ఇంట్లో ఇద్దరు పిల్లలమయ్యాం. "పిల్ల తిన్నదా?" అని గదిలోంచి అడిగితే, తిన్నానత్తమ్మా అని నేను వంటింట్లోంచి చెప్పేదాన్ని. "నిన్ను గాదు," అనేది.

మందు వేయడానికి ముగ్గురు కావాల్సి వచ్చింది. నేను కప్పను పట్టుకోవాలి, ఒకరు పలచటి ప్లాస్టిక్ ముక్కతో దాని నోరు తెరవాలి, ఒకరు చుక్క వేయాలి. నోరు తెరిచే పని అత్తమ్మ చేయగలదు. చుక్క వేయాలంటే వణకని చేయి కావాలి. ఇద్దరం మా ఆయన వైపు చూశాం.

"నాతోని గాదు," అన్నాడు.

"నీ చెల్లె అనుకో," అంది అత్తమ్మ.

ఆయన సిరంజిని వెలుగులో పెట్టి గీత చూసుకున్నాడు, మళ్లీ చూసుకున్నాడు. ముఖం పక్కకు తిప్పి కళ్లు మాత్రం ఇటు పెట్టి దగ్గరికొచ్చాడు. చుక్క సరిగ్గా నాలుక వెనక పడింది. కప్ప గుటక వేసి, ఆసరా కోసం చేయి చాపి, ఆయన చూపుడువేలు పట్టుకుంది. ఆయన విదిలించుకుంటాడని నేను రెండో చేయి అడ్డం పెట్టాను. ఆయన కదల్లేదు. అది వదిలేదాకా అలాగే వంగి నిలబడ్డాడు.

"సల్లగ ఉంది," అన్నాడు తర్వాత, ఎవరితోనూ కాకుండా.

మర్నాడంతా కప్ప పొట్ట ఆనించి పడుకుంది. రంగు పాలిపోయింది. నేను పొద్దున పెట్టిన రొట్టె అత్తమ్మ ముట్టుకోలేదు. మధ్యాహ్నం కూడా మంచం మీంచి దిగలేదు. నేను జాకెట్ చేతులు తారుమారుగా కుట్టి విప్పుకున్నాను. మా ఆయన స్కూలు నుంచి ఇంటర్వెల్‌లో ఫోన్ చేసి, ఇంకేవో రెండు మాటలు మాట్లాడి, చివర్లో అదెలా ఉందని అడిగాడు. ఆ మరుసటి పొద్దున పెట్టె మూలలో దారపు పోగుల్లాంటివి కనిపించాయి. పురుగులు పడిపోయాయి. కప్ప కొమ్మ మీదికెక్కి కూర్చుని ఉంది. మిడతను వదిలితే, అది రెండో గెంతు వేయకముందే మింగేసింది. అత్తమ్మ నన్ను చూసి, "నాకేమన్న ఉందా తిననీకి?" అంది.

అక్కడి నుంచి కప్ప కోలుకోవడం మొదలైంది. అత్తమ్మ కప్పను తూయించడానికి గద్వాల పోవడం, చూపించడానికి నాగర్‌కర్నూల్ పోవడం కూడా మొదలైంది. పెళ్లిళ్ల కాలం కాబట్టి నాకు మిషన్ మీంచి లేచే వీలుండేది కాదు. ఆమే డబ్బా సంచిలో పెట్టుకుని పోయేది. పొద్దున మోకాళ్లు పట్టుకుని మూలిగే మనిషి బస్సు టైముకు కొత్తచీర కట్టుకుని గడపలో నిలబడేది.

"ఎట్లుంది తూకం?" అని వచ్చాక అడిగితే నిట్టూర్చేది. "జర తగ్గింది పిల్లా. మళ్ల పోవాలె."

నాకు అర్థం కాలేదు. నా కళ్లకు కప్ప గుండ్రంగా కనిపిస్తోంది. తుంటి ఎముకలు ఎక్కడున్నాయో వెతుక్కోవాలి. జాకెట్ అయితే కుట్లన్నీ విప్పి వదులు చేయాల్సినంత. అలాంటిది తూకం తగ్గుతోందంటే ఎలా? నేనే అవుసలాయనకు ఫోన్ చేశాను. ఆయన చాలాసేపు నసిగాడు.

"మా తండ్రి కాలం సంది ఈ దుకాణంల తూకం తప్పు చెప్పలేదమ్మా," అన్నాడు చివరికి. "అక్క కోసం గూడ కప్ప తూకం తప్పు చెప్పలేను. రెండు తులాలకు దగ్గరవడ్డది. ఎవరన్న అడిగితే తగ్గిందని చెప్పుమన్నది."

"ఎందుకట?"

"అది నన్నడగొద్దు. మా దుకాణం ఎదురుంగనే మిర్చీ బజ్జీల బండి ఉంటది. గంత మట్టుకు చెప్పగలుగుత."

మా ఆయనకు చెప్పలేదు. మగవాళ్లకు అన్నీ చెప్పకూడదని నాకు నేర్పిన మనిషి ఇంట్లోనే ఉంది కదా. డాక్టరమ్మకు మాత్రం ఫోన్ చేసి సంగతి చెప్పాను. ఆమె నవ్వి, ఈసారి మీరూ రండి అంది.

ఆ వారం పని పక్కన పెట్టి నేనూ బస్సెక్కాను. అత్తమ్మకు నచ్చలేదు. "నీకెందుకు పిల్లా, పని పాడుచేసుకుంటవు," అని దారంతా అంటూనే ఉంది. డాక్టరమ్మ కప్పను తిప్పి తిప్పి చూసి, చేతులు కడుక్కుని, చాలా గంభీరంగా కూర్చుంది.

"అమ్మా, దీనికి ఒకటే పడ్తలేదు. నూనె వాసన. పట్టుకునేటోళ్లు మిర్చీ బజ్జీలు తినొద్దు."

అత్తమ్మ ఆమెను చూసింది. నన్ను చూసింది. కప్పను చూసింది.

"దీనికి అంత ముక్కు యాడుంది డాక్టరమ్మా?" అంది.

డాక్టరమ్మ ఇక ఆపుకోలేక ముఖం తిప్పుకుంది. అత్తమ్మ నవ్వలేదు. డబ్బా సంచిలో పెట్టుకుని బస్టాండు దాకా నాకన్నా ముందే నడిచింది. బెంచీ మీద కూర్చున్నాక చీరకొంగు సర్దుకుంటూ మొదలుపెట్టింది.

"ఒక్కటో రెండో తిన్న. పొట్టు తీసేసే తిన్న."

"నేను మిర్చీల సంగతి అడగలేదు అత్తమ్మా."

ఆమె ఎదురుగా వచ్చిపోయే బస్సులను చూస్తూ కూర్చుంది. "పొలంల ఉన్నప్పుడు పొద్దుగల లేస్తె యాడికో ఆడికి పోయేదాన్ని. మీ ఇంట్ల అందరు మంచిగనే చూస్తున్నరు. కానీ కూసున్నకాడ ఎంతసేపు కూసుంట? బస్సెక్కి కిటికీ కాడ కూసుంటె పానం తేటగైతది."

"గట్లని చెప్తే పంపియ్యమా?"

"నాకు బస్సెక్కాలనిపిస్తుందంటే నా కొడుకేమంటడు? మోకాళ్లంటడు, ఎండంటడు, బీపీ అంటడు. కప్పకు బాగలేదంటే ఒక్కడన్న కాదన్నడా?"

కాదనలేదు. నిజమే. నేను లేచి బస్టాండు బయట బండి దగ్గరికి వెళ్లి మిర్చీలు పొట్లం కట్టించుకుని వచ్చాను. ఆమెకు ఒకటి ఇచ్చాను. రెండోదాని కోసం చేయి చాపితే పొట్లం నా వైపు జరుపుకున్నాను. డబ్బా మాత్రం దూరంగా బెంచీ చివరన పెట్టింది. "ఏమో, నిజంగనే పడదేమో," అంది.

తొలకరి పడ్డాక, ఇంత ఆరోగ్యంగా ఉన్నదాన్ని గాజులో పెట్టడం పాపమని దోమతెర గుడ్డ తీసేశాం. ఆ మాట ముందు అన్నది మా ఆయన. కప్ప మళ్లీ బాత్రూం కిటికీ గట్టు మీదికి చేరింది. ఆయన స్నానానికి వెళ్లే ముందు తలుపు తట్టడం నేర్చుకున్నాడు. ఉసిళ్లు లేచిన సాయంత్రం అది కిటికీలోంచి పెరటి గోడ మీదికి, అక్కడి నుంచి జామచెట్టు మీదికి పోవడం నేను, అత్తమ్మ చూశాం. తిరిగి రాలేదు.

అత్తమ్మ ఏడవలేదు. "దాని కడుపు నిండింది, పోయింది," అంది. గాజుపెట్టెను నా చేత కడిగించి అందులో ఉల్లిగడ్డలు పోసుకుంది. వెతికింది మా ఆయన. స్కూలు నుంచి వచ్చాక గొడుగేసుకుని జామచెట్టు చుట్టూ తిరిగేవాడు. ఆకులెత్తి చూసేవాడు. అడిగితే, పైపు కారుతుందేమో చూస్తున్నానని చెప్పేవాడు. పెరట్లో ఆ వైపు పైపే లేదు.

అలా కొన్నాళ్లు గడిచాక ఒక ఆదివారం పొద్దున అత్తమ్మ కొత్తచీర కట్టుకుని, చేతిసంచి పట్టుకుని ముందు గదిలోకి వచ్చింది. నన్నూ తయారు కమ్మని సైగ చేసింది. మా ఆయన పేపర్ దించాడు.

"యాడికి పోతున్నరు?"

నేను చెప్పులు వెతుక్కుంటూ తల పైకెత్తలేదు. అత్తమ్మ కొడుకును సూటిగా చూసింది.

"బీచుపల్లికి. వానలకు కప్పలన్నీ ఏటి ఒడ్డుకే పోతయంట. మన పిల్ల ఆడ ఉందేమో చూసొస్తం."

వనపర్తి పెరట్లోంచి కృష్ణ ఒడ్డు దాకా ఒక చెట్టుకప్ప ఎలా పోతుందో లెక్కల సారు అడుగుతాడనుకున్నాను. ఆయన లేచి గోడకున్న గొడుగు తెచ్చి వాళ్లమ్మ చేతికిచ్చాడు.

"బండల సందుల్ల గూడ చూడున్రి," అన్నాడు.